కొట్టంలో దాక్కున్న పిల్లాడు, మేనమామ ఫిడేలు: బిల్ మన్రో కథ



ఆఫీసు పని చేసుకుంటూ నేను ఎక్కువగా వినేది మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీలు. మన పాలకొల్లులో పుట్టిన మనిషి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. ఈ సంగతి మీలో చాలామందికి తెలిసిందే. ఒక రోజు రాత్రి ఆయన కచేరీ ఒకటి అయిపోయాక ఫోన్ తనంతట తానే ఇంకెవరిదో మాండలిన్ పాట మొదలుపెట్టింది. ఆపుదామని చెయ్యి పెట్టాను కానీ ఆపలేదు. మాండలిన్ గుర్రం పరిగెత్తినట్టు పోతోంది. దాని మీద ఒక మగగొంతు. పై షడ్జం దాటాక కూడా ఆగకుండా ఇంకా పైకి వెళ్తోంది. పాటలో నాకు సగం మాటలు కూడా అర్థం కాలేదు. కానీ ఆ గొంతులో ఉన్న ఒంటరితనం మాత్రం తెలిసిపోయింది.

ఆ గొంతు బిల్ మన్రోది. అమెరికాలో బ్లూగ్రాస్ అనే సంగీతం ఒకటుంది. బ్యాంజో, ఫిడేలు, గిటారు, మాండలిన్, ఒక పెద్ద బేస్. కరెంటు వాయిద్యాలు ఉండవు, డ్రమ్స్ ఉండవు. అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ముందుకి జరిగి వాయిస్తారు. ఆ సంగీతానికి తండ్రి అని ఈయన్నే అంటారు. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. మన ఛానల్‌లో ఈయన గురించి ఎందుకు అనుకోవచ్చు. ఈ కథలో ఒక గురువున్నాడు, అదీ మేనమామ. గుడిలాంటి చోట మొదలైన పాట ఉంది. అందుకని రాస్తున్నాను. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. పొరపాట్లుంటే పెద్దమనసుతో సరిదిద్దండి.

కెంటకీ రాష్ట్రం పడమటి భాగంలో, ఒహాయో కౌంటీలో రోజీన్ అని ఒక చిన్న ఊరు. దాని పక్కన కొండగట్టు మీద మన్రోల పొలం. 1911 సెప్టెంబర్ 13న బిల్ అక్కడ పుట్టాడు. ఎనిమిది మంది సంతానంలో ఆఖరివాడు. తండ్రి బక్ మన్రో వ్యవసాయం చేసేవాడు, కలప కొట్టించేవాడు, పొలంలోనే కొంచెం బొగ్గు తవ్వించేవాడు. పాటలన్నీ తల్లి వైపు నుంచి వచ్చాయి. ఆవిడ పేరు మలిస్సా, పుట్టింటి పేరు వాండివర్. ఫిడేలు వాయించేది, అకార్డియన్ వాయించేది, పని చేసుకుంటూ పాత పాటలు పాడుకునేది.

ఇంటి నిండా పిల్లలు. ఈ ఆఖరివాడికి, వాడి పైవాళ్ళకి మధ్య వయసులో బాగా తేడా. దానికి తోడు పుట్టుకతో మెల్లకన్ను. ఒక కన్ను లోపలికి తిరిగి ఉండేది, చూపు కూడా సరిగా ఆనేది కాదు. ఊళ్ళో పిల్లలు ఎలా ఏడిపిస్తారో మనకి తెలియంది కాదు. దారిలో ఎవరైనా కొత్త మనుషులు వస్తున్నట్టు కనిపిస్తే బిల్ పరిగెత్తి పశువుల కొట్టంలో దాక్కునేవాడట. వాళ్ళు వెళ్ళిపోయేదాకా బయటికి వచ్చేవాడు కాదు. తర్వాతి కాలంలో ఆ కన్నుకి ఆపరేషన్ అయింది. కానీ ముక్తసరిగా మాట్లాడటం, ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం ఆయనకి చివరిదాకా పోలేదు.

కొట్టంలో దాక్కున్నవాడికి బయట ఏం జరుగుతోందో చెప్పేవి చెవులే. ఆయన గురించి రాసినవాళ్ళలో చాలామంది పట్టుకున్న పాయింట్ ఇది, నాకూ నిజమే అనిపిస్తుంది. ఊళ్ళో చర్చి పాటలు నేర్పడానికి అప్పట్లో పాటల బడులు నడిచేవి. కొన్నాళ్ళ పాటు ఒక మాస్టారు వచ్చి ఊరందరికీ నేర్పి వెళ్ళేవాడు. వాళ్ళ పద్ధతి నాకు భలే నచ్చింది. చదువు రాని రైతులు కూడా పాడగలగాలని ఒక్కో స్వరానికి ఒక్కో ఆకారం పెట్టారు. ఒకటి త్రికోణం, ఒకటి గుండ్రం, ఒకటి చతురస్రం. ఆకారం చూస్తే ఏ స్వరమో తెలిసిపోతుంది. మన దగ్గర సరిగమలు పలకడం నేర్పినట్టే, కాకపోతే ఇది కంటితో. చిక్కేమిటంటే ఈ పిల్లాడికి కన్నే సరిగా లేదు. పుస్తకం చూసి పట్టుకోలేకపోయాడు. పక్కవాళ్ళు పాడుతుంటే విని పట్టుకున్నాడు. నలుగురు నాలుగు స్థాయుల్లో పాడే ఆ చర్చి పాటల్లో అన్నిటికంటే పైన నడిచే గొంతు ఒకటి ఉంటుంది కదా, తర్వాత ఆయన జీవితమంతా ఆ పై మెట్టు మీదే పాడాడు.

సాధన చేసింది మాత్రం మనుషుల మధ్య కాదు. ఎవరూ లేని పొలాల్లో ఒక్కడే నిలబడి, గొంతు ఎంతవరకు వెళ్తే అంతవరకు వదిలేవాడు.

వాయిద్యం సంగతికొస్తే, ఇంట్లో పంపకాలు అప్పటికే అయిపోయాయి. ఫిడేలు పెద్దన్న బర్చ్‌ది, గిటారు చిన్నన్న చార్లీది. మిగిలింది మాండలిన్. అది ఎవరికీ అక్కర్లేదు కాబట్టి తమ్ముడికి వచ్చింది. అక్కడితో అయిపోలేదు. మాండలిన్‌కి ఎనిమిది తీగలు. తమ్ముడు మరీ గట్టిగా వాయించేస్తాడని, నాలుగు తీగలు పీకేసి మిగతా నాలుగింటి మీదే వాయించమన్నారు అన్నలు. ఈ సంగతి ఆయన పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నారు. అంటే ఎంత గుర్తుండిపోయిందో చూడండి.

ఇక్కడ నా ఇంజనీరు బుర్ర ఒక్క నిమిషం ఆగింది. మాండలిన్‌లో ఎనిమిది తీగలంటే నాలుగు జతలు. జతలో రెండు తీగలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. కాబట్టి ఒక్కో జతలో ఒకటి తీసేస్తే స్వరం ఒక్కటి కూడా పోదు, చప్పుడు మాత్రం తగ్గుతుంది. అన్నలు తీసేసింది సంగీతాన్ని కాదు, వాల్యూమ్‌ని. ఇంకో విచిత్రం, మన శ్రీనివాస్ గారు కూడా జత తీగలు వద్దనుకున్నారు. జంట తీగల మీద గమకం లాగడం కష్టమని ఒంటి తీగలు పెట్టుకుని, తర్వాత ఐదో తీగ కూడా చేర్చుకున్నారు. ఒకరు కావాలని తీసింది, ఇంకొకరికి బలవంతంగా తీయించింది. రెండూ ఒకటే అని నేను అనను. కానీ నాలుగు తీగల మాండలిన్ ఊహించుకుంటే నాకు ఇద్దరూ గుర్తొస్తారు.

1921లో తల్లి పోయింది. బిల్‌కి పదేళ్ళు. 1928 మొదట్లో తండ్రి కూడా పోయాడు, అప్పటికి పదహారు. అన్నలు అప్పటికే పనుల కోసం ఉత్తరాదికి వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ అయింది. కొన్నాళ్ళు ఒక బంధువు దగ్గర, కొన్నాళ్ళు ఇంకొకరి దగ్గర ఉన్నాక తల్లి అన్నదమ్ముల్లో ఒకాయన వాణ్ణి తన దగ్గరే పెట్టుకున్నాడు. పేరు పెండిల్టన్ వాండివర్. అందరికీ అంకుల్ పెన్. ఇంగ్లీషులో అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు. మన లెక్కలో మాత్రం ఈయన స్వయానా మేనమామ.

పెన్ మామ ధనవంతుడేమీ కాదు. ఒక కంచరగాడిద విసిరి కొట్టడంతో కాలు దెబ్బతిని, సరిగా నడవలేని మనిషి. వ్యవసాయం చేయలేక చిన్నాచితకా సరుకులు మారకం వేసుకుంటూ బతికేవాడు. రోజీన్ పైన గుట్ట మీద రెండు గదుల కర్ర ఇల్లు. ఆ ఇంట్లో మేనల్లుడికి వంట చేసిపెట్టాడు, పడుకోవడానికి చోటిచ్చాడు. సాయంత్రం పూట ఇంటి బయట కూర్చుని ఫిడేలు వాయిస్తే కింద ఊళ్ళోకి వినపడేదట.

శనివారాలు వస్తే ఊళ్ళల్లో నాట్యాలుండేవి. ఎవరింట్లోనో ఒక గది ఖాళీ చేసేవాళ్ళు. జంటలు వరసలు కట్టి ఆడేవాళ్ళు, ఒక మూల ఫిడేలు మోగేది. పెన్ మామ ఫిడేలు పట్టుకుని కంచరగాడిద ఎక్కితే, వెనకాల గిటారు పట్టుకుని మేనల్లుడు. కొండదారిలో అలా వెళ్ళి, వాయించి, రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు. బిల్ మన్రో జనం ముందు కూర్చుని వాయించడం ఆ గదుల్లో మొదలైంది. కొత్తవాళ్ళని చూస్తే దాక్కునే పిల్లాడు, చీకట్లో మామ వెనకాల వెళ్ళి, మామ పక్కన కూర్చుని, మామ ఫిడేలు మీదే కళ్ళు పెట్టి వాయించేశాడు. ముందు మామ ఉన్నాడు కాబట్టి అది కుదిరిందేమో అని నా ఊహ.

నాట్యానికి వాయించడం అంటే తమాషా కాదు. కచేరీలో తాళం కొంచెం అటూ ఇటూ అయితే పక్కవాద్యం సర్దుకుంటుంది. ఇక్కడ ఆడేవాళ్ళ కాళ్ళు తడబడతాయి. రాత్రంతా ఒకే నడక పట్టుకుని కూర్చోవాలి. తర్వాత మన్రో బృందంలో పని చేసినవాళ్ళు ఆయన పట్టింపు గురించి చెప్పేది ముందు తాళం గురించే. పాటలు ఎంత తెలిసినా సరే, నడక సరిగా లేకపోతే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఇంకో సంగతి. ఫిడేలుకి, మాండలిన్‌కి తీగల శ్రుతి ఒక్కటే. ఫిడేలు మీద వేళ్ళు ఎక్కడ పడతాయో మాండలిన్ మీదా అదే వరసలో పడతాయి. కాబట్టి మామ కమానుతో లాగిన ప్రతి పాటా మేనల్లుడి మాండలిన్ మీదికి నేరుగా దిగిపోయింది. శ్రీనివాస్ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడితే శిష్యుడు దాన్ని తీగల మీదికి తెచ్చుకున్నాడు. పెన్ మామకి కూడా మాండలిన్‌తో పని లేదు. గురువు వాయిద్యం వేరు, శిష్యుడి వాయిద్యం వేరు. అయినా విద్య దాటింది.

పెన్ మామ 1932లో పోయాడు. అప్పటికి బిల్ ఆ ఊళ్ళో లేడు.

ఇంకొక గురువు ఉన్నాడు. ఈయన గురించి రాయకపోతే ఈ పోస్ట్ తప్పవుతుంది. పేరు ఆర్నాల్డ్ షుల్ట్జ్. నల్లజాతి మనిషి. బొగ్గు గనుల్లో పని చేస్తూ గిటారు, ఫిడేలు వాయించేవాడు. తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి అన్నీ విడివిడిగా ఉన్న కాలం అది. ఆ కాలంలోనే తెల్లవాళ్ళ నాట్యాలకి ఈయన్ని పిలిచి వాయించుకునేవాళ్ళు, అంత బాగా వాయించేవాడు. గిటారు మీద బొటనవేలితో కింది స్వరాలు నడుపుతూ మిగతా వేళ్ళతో పాట వాయించేవాడు. ఒక్క గిటారులో ఇద్దరు మనుషులు వాయిస్తున్నట్టు ఉండేది. కెంటకీలోని ఆ ప్రాంతపు గిటారు వాళ్ళకి ఈ పద్ధతి ఈయన నుంచే పాకింది. బిల్ ఆయన వెంట తిరిగాడు. షుల్ట్జ్ ఫిడేలు వాయిస్తుంటే తను గిటారు పట్టాడు. డబ్బులు పుట్టిన తొలి కచేరీల్లో షుల్ట్జ్ పక్కన వాయించినవి ఉన్నాయి. మన్రో పాటలో చర్చికి సంబంధం లేని ఒక బరువు, ఒక జీర వినపడుతుంది. అది బ్లూస్. అది ఈ బొగ్గు గని మనిషి దగ్గర నుంచి వచ్చింది.

షుల్ట్జ్ 1931లో పోయాడు. ఆయన వాయించింది ఒక్క రికార్డు కూడా లేదు. ఒక్కటి కూడా. ఆయన ఎలా వాయించేవాడో తెలుసుకోవాలంటే ఆయన్ని విన్నవాళ్ళు, వాళ్ళని చూసి నేర్చుకున్నవాళ్ళు వాయించింది వినాల్సిందే.

ఇది చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా మేనమామ తణుకు దగ్గర ఒక ఊళ్ళో శ్రీరామనవమికి భజన నడిపిస్తాడు, ఏకాదశులకి హార్మోనియం వాయిస్తాడు. కొన్ని తత్వాలు ఆయన పాడితే తప్ప ఇంకెక్కడా నేను వినలేదు. నా ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి. మామయ్య పాట ఒక్కటి లేదు. నేను చేసే పని మాత్రం డేటా పోకుండా బ్యాకప్పులు రాయడం! సరే, కథలోకి వద్దాం.

1929లో బిల్ ఇండియానా వెళ్ళాడు. అన్నలున్న చోటుకే. షికాగో పక్కన వైటింగ్ అనే ఊళ్ళో సింక్లెయిర్ వాళ్ళ చమురు శుద్ధి కర్మాగారం. అక్కడ చమురు పీపాలు కడగడం, ఎత్తి పేర్చడం బిల్ పని. అదే సమయానికి ఆర్థిక మాంద్యం వచ్చింది. ఒక్కోసారి అన్నలకి పని లేక బిల్ జీతం మీదే ఇల్లంతా నడిచింది. ఆఖరివాడు, మెల్లకన్నువాడు, నాలుగు తీగలవాడు ఇంటికి ఆధారమయ్యాడు. సాయంత్రాలు అన్నదమ్ములు ముగ్గురూ కలిసి వాయించేవాళ్ళు. ఆ చుట్టుపక్కలంతా దక్షిణాది పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన కుటుంబాలు. వాళ్ళకి ఊరి పాట కావాలి. హైదరాబాద్‌లో మన వైపువాళ్ళు చేరి సంక్రాంతి చేసుకున్నట్టు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. షికాగో డబ్ల్యూఎల్ఎస్ రేడియోలో శనివారం రాత్రుళ్ళు నేషనల్ బార్న్ డాన్స్ అని పెద్ద కార్యక్రమం వచ్చేది. 1932లో దానికి మన్రో అన్నదమ్ముల్ని తీసుకున్నారు. గాయకులుగా కాదు, నాట్యగాళ్ళుగా! అమెరికా మొత్తం చెప్పుకోబోయే గొంతు అక్కడ స్టేజి మీద కాళ్ళు ఆడించింది. కానీ స్టేజి ఎలా ఉంటుంది, జనం ఎలా చూస్తారు అనేది అక్కడే అలవాటైంది.

1934లో ఒక కంపెనీ ముందుకొచ్చింది. టెక్సాస్ క్రిస్టల్స్ అని, విరేచనాల మందు అమ్మేవాళ్ళు. రేడియోలో పాడితే డబ్బులిస్తాం అన్నారు. నెలజీతం వదిలి పాట మీద బతకడమా అని బర్చ్ వెనక్కి తగ్గాడు. చార్లీ, బిల్ సరే అన్నారు. ఉద్యోగం వదలాలా వద్దా అని తెల్లవార్లూ ఆలోచించే మనకి ఇది బాగా అర్థమవుతుంది. అక్కడి నుంచి అయోవా, నెబ్రాస్కా, ఆ తర్వాత కరోలినాలు. పొద్దున రేడియోలో పాడటం, రాత్రికి ఏ బడిలోనో కచేరీ, మళ్ళీ కారెక్కి తెల్లారేసరికి రేడియో స్టేషన్.

1936 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో బ్లూబర్డ్ కంపెనీకి మొదటి రికార్డులిచ్చారు. వాటిలో బాగా అమ్ముడుపోయింది భక్తి పాట. ఆత్మకి బదులుగా ఏమిచ్చుకుంటావని మనిషిని నిలదీసే చర్చి పాట అది. చార్లీ కింద పాడితే బిల్ పై మెట్టు అందుకున్నాడు. రోజీన్ పాటల బడిలో చెవితో పట్టుకున్న పద్ధతే. రెండేళ్ళలో 60 పాటలు రికార్డయ్యాయి. అప్పట్లో అన్నదమ్ముల జంటలు చాలా ఉండేవి, కానీ అంత వేగం, ఆ మాండలిన్ దూకుడు ఇంకెవరి దగ్గరా లేవు.

అయితే అన్నదమ్ములు ఎంత శ్రుతిలో పాడితే అంత కొట్టుకునేవాళ్ళు. చార్లీ కలుపుగోలు మనిషి, ముందుండి మాట్లాడేవాడు, నిర్ణయాలు తనవే. బిల్ లోపల లోపలే ఉడికేవాడు. 1938లో విడిపోయారు.

నా లెక్కలో అసలు ప్రయాణం ఇక్కడి నుంచే. అప్పటిదాకా బిల్ పాడింది పక్కగొంతు. ముందు పాట ఎప్పుడూ అన్నది. ఇప్పుడు అన్న లేడు. వయసు 26. ముందుకొచ్చి తనే పాట ఎత్తుకోవాలి. అర్కన్సాలో ఒక బృందం కట్టాడు, అది ఎక్కువ రోజులు నిలవలేదు. తర్వాత అట్లాంటాలో పేపర్లో ప్రకటన ఇచ్చి మనుషుల్ని వెతుక్కున్నాడు. క్లియో డేవిస్ అనే కుర్రాడు వచ్చి గిటారు వాయిస్తూ పాడితే, ఆ గొంతులో చార్లీ పోలిక వినపడి వెంటనే తీసేసుకున్నాడట. అన్నని వదిలేసి వచ్చి అన్నలాంటి గొంతునే వెతుక్కోవడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. గ్రీన్‌విల్‌లో ఒక పెట్రోల్ బంకు పాత షెడ్డు శుభ్రం చేసుకుని అందులో రోజూ సాధన చేశారు. బృందానికి పుట్టిన రాష్ట్రం ముద్దుపేరు పెట్టాడు, బ్లూ గ్రాస్ బాయ్స్ అని. నిజానికి నీలి గడ్డి ప్రాంతం అనేది కెంటకీ మధ్యలో, లెక్సింగ్టన్ చుట్టూ ఉంది. రోజీన్ అక్కడికి దూరం. అయినా ఆ బృందం పేరే చివరికి ఒక సంగీతానికి పేరైంది.

1939 అక్టోబర్. నాష్‌విల్. గ్రాండ్ ఓల్ ఆప్రీ అంటే అప్పటికే దేశంలో పేరున్న శనివారం రేడియో కార్యక్రమం. 50,000 వాట్ల స్టేషన్ కావడంతో రాత్రిపూట సగం అమెరికాకి వినపడేది. మన్రో వెళ్ళి వినిపించాడు. విన్నవాళ్ళు వెంటనే తీసుకున్నారు. అక్కడ ఆయన పాడింది మ్యూల్ స్కిన్నర్ బ్లూస్. అది జిమ్మీ రోజర్స్ పాత పాట, కంచరగాడిదలు తోలేవాడి పాట. అసలు పాట నింపాదిగా నడుస్తుంది. మన్రో దాన్ని వేగం పెంచి, శ్రుతి పెంచి, గొంతు విరిగి పైకెగిరేలా పాడాడు. మామ కంచరగాడిద వెనకాల ఎక్కి కొండదారుల్లో తిరిగినవాడు అదే పాటతో దేశం ముందు నిలబడ్డాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, నేనేం పెద్ద అర్థాలు తీయను. ఒక పాటలో చూడండి, చర్చి గొంతు ఉంది, షుల్ట్జ్ బ్లూస్ ఉంది, నాట్యాల తాళం ఉంది. ఎవరూ లేని పొలంలో వదిలిన కేక కూడా ఉంది. అప్పటి నుంచి పోయేదాకా, అంటే 57 ఏళ్ళ పాటు, ఆప్రీయే ఆయన వేదిక.

ఆ తర్వాతి జీవితం ప్రసిద్ధం కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్ళ బ్యాంజోతో వచ్చి చేరాడు. లెస్టర్ ఫ్లాట్ అప్పటికే గిటారు మీద ఉన్నాడు. ఆ బృందం 1946, 47లలో చేసిన రికార్డులే ఇప్పటికీ బ్లూగ్రాస్‌కి కొలమానం. 1948లో ఆ ఇద్దరూ వెళ్ళి సొంత బృందం పెట్టుకున్నారు. మన్రోకి అది ద్రోహంలా అనిపించింది. ఇరవై ఏళ్ళకి పైగా వాళ్ళతో మాట్లాడలేదు. ఫ్లాట్‌తో మళ్ళీ కలిసింది 1971లో, ఇండియానాలోని బీన్ బ్లాసమ్‌లో తను నడిపే పండగలో. తన పద్ధతిని ఎవరైనా వాయిస్తే తన సొత్తు ఎత్తుకుపోయినట్టు చూసేవారు ఆయన. ఇది ఆయనలో నాకు నచ్చని విషయం, దాచి చెప్పను. ఆయనకి మాత్రం పెన్ మామ, షుల్ట్జ్ ఉచితంగా ఇవ్వలేదూ?

అలాగని గురువుల్ని మర్చిపోయినవాడు కాదు. ఎవరు అడిగినా ఆ రెండు పేర్లూ చెప్పేవారు. చదువు, పేరు, ఆస్తి ఏవీ లేని ఒక కుంటి ఫిడేలు మనిషి, ఒక నల్లజాతి బొగ్గు గని కార్మికుడు. ఆయన చెప్పకపోయి ఉంటే ఈ రోజు వాళ్ళ పేర్లు మనదాకా వచ్చేవే కావు. 1950లో మేనమామ మీదే ఒక పాట కట్టి రికార్డు చేశారు. పేరు అంకుల్ పెన్. అమెరికాలో మాండలిన్ పట్టుకున్న ప్రతివాడూ ఇప్పటికీ ఆ పాట నేర్చుకుంటాడు. 1972లో మామ వాయించిన పాత బాణీలన్నీ గుర్తు తెచ్చుకుని ఒక ఆల్బమ్ చేశారు. మామ పోయి అప్పటికి నలభై ఏళ్ళు. ఎక్కడా రికార్డు లేని ఆ ఫిడేలు బాణీలు అంతకాలం మేనల్లుడి బుర్రలోనే ఉన్నాయి. కెన్నీ బేకర్ అనే ఫిడేలు విద్వాంసుడికి అవి నేర్పి వాయింపించారు.

1954లో ఎల్విస్ ప్రెస్లీ తన మొట్టమొదటి రికార్డు రెండో వైపున మన్రో పాట బ్లూ మూన్ ఆఫ్ కెంటకీని గంతులేసే లయలో పాడాడు. తన పద్ధతి జోలికొస్తే ఊరుకోని మన్రో దీన్ని మాత్రం కోపంగా తీసుకోలేదు. అదే ఏడాది ఆ పాటని తనే మళ్ళీ రికార్డు చేస్తూ, సగం పాత నడకలో, సగం కొత్త నడకలో పాడారు. చివరికి ఆయన పేరు కంట్రీ సంగీతం వాళ్ళ గౌరవ జాబితాలోకీ చేరింది, రాక్ అండ్ రోల్ వాళ్ళ జాబితాలోకీ చేరింది.

మాండలిన్ గురించి ఒక్క మాట. ఆయన చేతిలో జీవితాంతం ఉన్నది 1923లో తయారైన గిబ్సన్ ఎఫ్-5. 1940లలో ఫ్లోరిడాలో ఒక మంగలి షాపు కిటికీలో కనిపిస్తే 150 డాలర్లకి కొన్నారు. ఎనిమిది తీగలూ ఉన్నదే! 1985 నవంబర్‌లో ఆయన ఇంట్లో లేనప్పుడు ఎవరో చొరబడి దాన్ని పొయ్యి ఊచతో కొట్టి ముక్కలు చేశారు. ఎవరో ఇప్పటికీ తేలలేదు. పుల్లలన్నీ ఏరి పంపిస్తే గిబ్సన్ కంపెనీలో ఒక కారిగరు నెలల తరబడి భూతద్దం కింద పెట్టుకుని ఒక్కో ముక్కా అతికాడు. 1986 మొదట్లో తిరిగొచ్చింది. అప్పటికి డెబ్భై దాటిన మనిషి, మళ్ళీ దాని మీదే వాయించారు.

1996 సెప్టెంబర్ 9న, 85 నిండడానికి నాలుగు రోజుల ముందు, టెనెసీలో బిల్ మన్రో కన్నుమూశారు. రోజీన్ తీసుకొచ్చి ఊరి శ్మశానంలో సమాధి చేశారు. తల్లి, తండ్రి అక్కడే. పెన్ మామ కూడా అక్కడే.